తేలే హోటల్ కాదు, తెరచాప ఓడ: చిన్న ఓడల్లో ప్రపంచయాత్ర ఎలా ఉంటుంది? మన బందరుకి అలాంటివి వస్తాయా?

ఈ ఎపిసోడ్‌లో ఓడల గురించి మాట్లాడుకుందాం. ఓడలంటే రీల్స్‌లో కనిపించే ఇరవై అంతస్తుల తేలే హోటళ్ళు కాదు. తెరచాపలు ఎత్తుకుని, యాభై మందినో వంద మందినో ఎక్కించుకుని, చిన్న చిన్న రేవులకి తిరిగే పాతకాలం తరహా ఓడలు. వీటి మీద సెలవులకి వెళ్ళడం ప్రపంచంలో చాలా చోట్ల బాగా నడుస్తున్న వ్యాపారం.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, బందరు పోర్టు పని మొదలైన దగ్గర్నుంచి మన కుర్రాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, పోర్టు అయిపోతే మనకి క్రూయిజ్‌లు వస్తాయా?" దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేం. ముందు ఓడల్లో రకాలు తెలియాలి, తర్వాత మన తీరం సంగతి తెలియాలి. మధ్యలో డబ్బు లెక్క ఉంది. చివర్లో ప్రాణం లెక్క కూడా ఉంది. అది మాత్రం స్కిప్ చేయకండి.

పెద్ద ఓడ, చిన్న ఓడ: అసలు తేడా ఏంటి?

2024 జనవరిలో తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ పొడవు 365 మీటర్లు. ఫుల్‌గా నింపితే సుమారు 7,600 మంది ప్రయాణికులు పడతారు. సిబ్బంది వేరు. అంటే మన దివిసీమలో ఒక మంచి సైజు ఊరు మొత్తం లేచి సముద్రం మీద నడుస్తున్నట్టు. ఇప్పుడు ఇంకో వైపు చూడండి. రాయల్ క్లిప్పర్ అని ఇంకో ఓడ ఉంది. ఐదు తెరచాప స్తంభాలు, 42 తెరచాపలు, ప్రయాణికులు 227 మంది. ఇంతే.

తేడా సైజులోనే అనుకుంటే పొరపాటు. ఓడ ఎక్కడికి వెళ్ళగలదు అనేదాన్ని తేల్చేది డ్రాఫ్ట్. అంటే ఓడ అడుగు నీళ్ళలో ఎంత లోతుకి మునిగి ఉంటుందో ఆ కొలత. పెద్ద ఓడకి లోతైన పోర్టు కావాలి, పొడవైన జెట్టీ కావాలి, ఒకేసారి వేల మంది దిగితే వాళ్ళని మోయడానికి బస్సులు కావాలి. సూపర్ లగ్జరీ బస్సు విజయవాడ బస్టాండులో ఆగుతుంది, గుడివాడలో ఆగుతుంది. మీ పొలం గట్టు దగ్గర ఆగమంటే ఆగుతుందా? పల్లెవెలుగు ఆగుతుంది. చిన్న ఓడ సముద్రం మీద పల్లెవెలుగు అన్నమాట. మెల్లగా వెళ్తుంది, కానీ వేరేవాళ్ళు వెళ్ళలేని సందుల్లోకి వెళ్తుంది.

రెండో తేడా, దిగిన ఊరి మీద పడే భారం. ఇటలీలో వెనిస్ నగరం కథ మీకు తెలిసే ఉంటుంది. భారీ ఓడలు ఊరి మధ్య కాలువలోకి వచ్చి, గుళ్ళనీ మేడలనీ మరుగుజ్జుల్ని చేసేసేవి. జనం ఏళ్ళ తరబడి గొడవ చేశాక, 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నేజీ దాటిన ఓడల్ని ఆ కాలువలోకి రానివ్వడం మానేశారు. చిన్న ఓడలకి ఆ బాధ లేదు. వంద మంది దిగితే ఊళ్ళో నాలుగు హోటళ్ళకి బేరం అవుతుంది, ఊరు ఊరిలానే ఉంటుంది.

ఎక్కడెక్కడ, ఏ రకం?

గబగబా ఒక రౌండ్ వేసొద్దాం.

స్టార్ ఫ్లయర్, స్టార్ క్లిప్పర్ అనే జంట ఓడలు 1990ల మొదట్లో కట్టినవి. ఒక్కోదాంట్లో సుమారు 170 మంది. పాత క్లిప్పర్ ఓడల రూపం, లోపల మాత్రం ఏసీ గదులు. సీ క్లౌడ్ అని ఇంకోటి ఉంది. అది నిజంగానే పాతది. 1931లో జర్మనీలోని కీల్‌లో ఒక అమెరికా కోటీశ్వరుల కుటుంబం కోసం కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో వాతావరణం కనిపెట్టే పని కూడా చేసింది. ఇప్పుడు 64 మంది అతిథులతో తిరుగుతోంది.

ఇండోనేషియాలో పినిసి పడవలుంటాయి. దక్షిణ సులవేసిలో సముద్రం ఒడ్డునే చెక్కతో కడతారు. ఆ పడవలు కట్టే విద్యని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. కొమొడో దీవుల వైపు వెళ్ళేవాళ్ళు ఎక్కువగా వీటి మీదే వెళ్తారు. టర్కీలో బోద్రుమ్ దగ్గర గులెట్ అనే చెక్క ఓడలు. ఒకప్పుడు చేపలకీ స్పాంజీకీ తిరిగిన పడవల వారసులు. ఈజిప్టులో నైలు నది మీద దహబియా. రెండు తెరచాపలుంటాయి, చాలావాటికి సొంత ఇంజన్ ఉండదు, గాలి పడిపోతే ఇంకో చిన్న బోటు లాక్కెళ్తుంది. నార్వేలో 1893 నుంచి తీరం వెంబడి ఉత్తరాలూ సరుకులూ మోసిన స్టీమర్ల లైను ఇప్పటికీ నడుస్తోంది. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా 34 రేవులు. తెరచాప లేదు కానీ, పని చేసే ఓడలో ప్రయాణికుడిగా కూర్చోవడం అనే సరదా అక్కడిది.

మన దేశంలో? కేరళ కెట్టువళ్ళం అందరికీ తెలిసిందే. మలయాళంలో 'కెట్టు' అంటే కట్టు, మన మాటే. మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో పలకల్ని కట్టి చేసిన పడవ. ఒకప్పుడు వడ్లు మోసింది, ఇప్పుడు టూరిస్టుల్ని మోస్తోంది. ఈ 'తాడుతో కుట్టడం' అనే పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

గాలితో ఓడ ఎలా నడుస్తుంది?

గాలి వెనక నుంచి తోస్తే ఓడ ముందుకెళ్తుంది, ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. మరి గాలి పక్క నుంచి వస్తే? అప్పుడూ వెళ్తుంది. తెరచాప ఉబ్బి, విమానం రెక్కలా వంపు తిరుగుతుంది. గాలి ఆ వంపు మీదుగా వెళ్ళేటప్పుడు తెరచాపని ఒక పక్కకి లాగుతుంది. ఓడ అడుగున ఉండే కీలు ఆ పక్క జారుడుని ఆపుతుంది. పక్కకి పోలేని బలం ముందుకి మళ్ళుతుంది. తడి సబ్బుని రెండు వేళ్ళ మధ్య నొక్కితే ముందుకి జారిపోతుంది కదా, అదే సూత్రం.

గాలికి నేరుగా ఎదురు మాత్రం ఏ తెరచాప ఓడా వెళ్ళలేదు. అప్పుడు కొంచెం కుడికి, కొంచెం ఎడమకి వంకర్లు తిరుగుతూ పోవాలి. వంద కిలోమీటర్ల దారి నూట యాభై అవుతుంది. అందుకే టూరిస్టు తెరచాప ఓడలన్నీ దాదాపు ఇంజన్ కూడా పెట్టుకుంటాయి. బ్రోచర్‌లో తెరచాప ఫోటో చూసి బుక్ చేసినవాళ్ళు, సగం దారి డీజిల్ చప్పుడు వినాల్సి వచ్చిందని తర్వాత బాధపడుతుంటారు. ముందే అడగండి: "ఎన్ని గంటలు తెరచాప మీద నడుపుతారు?" అని. నిజాయితీగా జవాబిచ్చే కంపెనీ అయితే "గాలిని బట్టి" అంటుంది.

ఇంకో సంగతి. చిన్న ఓడ ఎక్కువ ఊగుతుంది. కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్ళు ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది తీసుకుంటే ఊపు తక్కువ తెలుస్తుంది. ఉయ్యాల బల్ల చివర కూర్చున్నవాడికీ మధ్యలో కూర్చున్నవాడికీ ఎంత తేడానో అంత తేడా.

డబ్బు లెక్క

ధరలు సీజన్‌ని బట్టి మారిపోతుంటాయి కాబట్టి అంకెలు చెప్పను, లెక్క వేసే పద్ధతి చెప్తా.

వెబ్‌సైట్‌లో కనిపించే ధర 'ఒక్కరికి' అని ఉంటుంది, కానీ ఒక గదిలో ఇద్దరుంటారని లెక్క. ఒంటరిగా వెళ్తే రెండో మనిషి వాటాలో కొంత మీరే కట్టాలి. దాన్ని సింగిల్ సప్లిమెంట్ అంటారు. తర్వాత పోర్టు చార్జీలు, సిబ్బందికి టిప్పులు, డ్రింక్స్, ఒడ్డున తిప్పే టూర్లు. ఇవి టికెట్లో కలిశాయా లేదా అని ఒక్కొక్కటీ టిక్ పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి ఆ రేవుకి వెళ్ళిరావడానికి విమానం టికెట్ వేరే. అన్నీ కలిపి, వచ్చిన మొత్తాన్ని ఓడ మీద పడుకునే రాత్రులతో భాగించండి. లెక్క కోసం అనుకుందాం: టికెట్ లక్ష, పై ఖర్చులు ఇంకో లక్ష, ఐదు రాత్రులు. అంటే రాత్రికి నలభై వేలు. వెబ్‌సైట్ చూసి మీరనుకున్నది ఇరవై వేలు. ఈఎంఐ మీద కొనేముందు ఈ భాగహారం ఒక్కటి చేయండి చాలు.

విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే ఏజెంటు టీసీఎస్ అనే పన్ను ముందే వసూలు చేస్తాడు. అది పోయినట్టు కాదు. మీ పాన్ మీద జమ అవుతుంది, ఐటీ రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. చాలామంది రిటర్న్ వేయక వదిలేస్తారు.

వీసా విషయంలో ఒక మెలిక ఉంది. ఓడ గ్రీస్‌లో బయలుదేరి, టర్కీలో ఆగి, మళ్ళీ గ్రీస్ వచ్చిందనుకోండి. మీరు షెంగెన్ దేశాల నుంచి బయటికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చినట్టు. సింగిల్ ఎంట్రీ వీసా సరిపోదు, మల్టిపుల్ ఎంట్రీ కావాలి. టర్కీ వీసా సంగతి వేరే చూసుకోవాలి. ఓడ దారి మ్యాప్ ముందు పెట్టుకుని, ప్రతి రేవు దగ్గరా ఏ వీసా కావాలో రాసుకోండి.

ఇక మన బందరు

ఇప్పుడు అసలు కథకి వద్దాం. 'బందరు' అనే మాటే పారశీకం, అర్థం రేవు. అంటే మన ఊరి పేరే పోర్టు. కానీ కథ అంతకంటే చాలా పాతది.

దివిసీమలో ఘంటసాల ఉంది కదా. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ శాస్త్రవేత్త రాసిన పుస్తకంలో ఈ ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. కంటకోస్సిల అనే వర్తక రేవుని చెప్పాడు. అదే ఘంటసాల అని పండితులు గుర్తించారు. ఈ తీరం మీద ఇంకో చోటు గురించి కూడా రాశాడు: ఓడలు తీరాన్ని వదిలేసి, సముద్రం అడ్డంగా దాటి స్వర్ణభూమి వైపు బయలుదేరే చోటు. అంటే నేటి మలయా, బర్మా వైపు. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనంలో 'మహానావిక' అనే బిరుదున్న సివకుడనే మనిషి పేరుంది. మహానావికుడంటే ఇప్పటి భాషలో ఓడ కెప్టెన్ అనుకోండి. శాతవాహనుల కాలం నాణేల మీద రెండు తెరచాప స్తంభాలున్న ఓడ బొమ్మ ఉంటుంది. డబ్బు మీద ఓడ ముద్ర వేసుకున్నారంటే, ఆ ఓడ వాళ్ళకి ఎంత ముఖ్యమో ఆలోచించండి.

గోల్కొండ సుల్తానుల కాలానికి బందరు తూర్పు తీరంలో పెద్ద రేవుల్లో ఒకటి. ఇక్కణ్ణుంచి కలంకారీ బట్టలు పర్షియా వెళ్ళేవి. ఓడలు బర్మాకీ, సుమత్రాకీ, ఎర్రసముద్రానికీ వెళ్ళేవి. హజ్ యాత్రికులు కూడా ఇక్కడే ఓడ ఎక్కేవాళ్ళు. అంటే సరుకు ఓడలే కాదు, బందరు నుంచి ప్రయాణికుల ఓడలు కూడా నడిచాయి. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే వచ్చారు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు.

ఇంత పెద్ద రేవు కదా, ఓడలు ఒడ్డు దాకా వచ్చేవా? రాలేవు. ఇదే కీలకం. కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు వల్ల మన సముద్రం చాలా దూరం లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకి మైళ్ళ దూరంలో లంగరు వేసేవి. అక్కణ్ణుంచి సరుకునీ మనుషుల్నీ చిన్న పడవలే మోసేవి. కోరమండల్ తీరం మీద ఈ పని చేసిన పడవల్ని యూరోపియన్లు 'మసూలా' పడవలన్నారు. పలకల్ని కొబ్బరి పీచుతో కుట్టేవాళ్ళు. ఎందుకు కుట్టడం? మేకు కొట్టిన పడవ బిగుసుకుని ఉంటుంది. కెరటం ఎత్తి ఇసుక మేట మీద కొడితే పగులుతుంది. కుట్టిన పడవ దెబ్బకి కొంచెం సాగుతుంది, వంగుతుంది, విరగదు.

ఈ విద్య పూర్తిగా పోలేదు. అజంతా గుహలోని ఓడ బొమ్మ ఆధారంగా, కేరళ పనివాళ్ళు తాడుతో కుట్టి గోవాలో కట్టిన ఓడని మన నౌకాదళం 2025 మేలో తీసుకుంది. పేరు కౌండిన్య. ఇంజన్ లేదు. 2025 డిసెంబరు చివర్లో పోర్‌బందర్‌లో బయలుదేరి, 2026 జనవరిలో ఒమన్‌లోని మస్కట్ చేరింది.

చిన్న ఓడలో ప్రపంచం చుట్టడం మనవాళ్ళకి కొత్త కూడా కాదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి తరిణి అనే 56 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు బయలుదేరారు. అందులో ఇద్దరు తెలుగువాళ్ళు: విశాఖపట్నం నుంచి పి. స్వాతి గారు, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య గారు. దక్షిణ అమెరికా చివరనున్న కేప్ హార్న్ చుట్టి, సుమారు 21,600 నాటికల్ మైళ్ళు తిరిగి 2018 మే 21న వెనక్కి వచ్చారు. 254 రోజులు. 56 అడుగులంటే ఆర్టీసీ బస్సు ఒకటిన్నర పొడవు, అంతే.

మరి క్రూయిజ్‌లు వస్తాయా?

నా అభిప్రాయం సూటిగా చెప్తా. తపసిపూడి దగ్గర కడుతున్న పోర్టు మొదటి దశ సరుకు కోసం. ఇసుక తవ్వి లోతు చేస్తున్నారు, కెరటాల్ని ఆపే రాతి గోడలు కడుతున్నారు. కానీ బెర్తు ఉన్నంత మాత్రాన క్రూయిజ్ రాదు. విశాఖలో ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ కట్టి 2023లో ప్రారంభించారు. అంత పెద్ద ఊరికే ఏడాది పొడవునా ఓడలు రావడం కష్టంగా ఉంది. వేల మంది ఎక్కే ఓడ బందరుకి రోజూ వస్తుందని ఆశ పెట్టుకుని, ఇప్పుడే అప్పు చేసి హోటలు కట్టకండి.

చిన్న ఓడ సంగతి వేరు. 2023 జనవరిలో వారణాసి నుంచి డిబ్రూగఢ్‌కి వెళ్ళిన గంగా విలాస్‌ని చూడండి. 36 మంది ప్రయాణికులు, 51 రోజులు, సుమారు 3,200 కిలోమీటర్లు. దానికి కావాల్సిన లోతు మనిషి ఎత్తుకంటే తక్కువ, 1.4 మీటర్లు. మన ఏటిమొగ, ఎదురుమొండి, నాగాయలంక వైపు నీళ్ళకి సరిపోయే ఆలోచన ఇలాంటిదే. చూపించడానికి మనకేం తక్కువ? హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు, మడ అడవులు, ఘంటసాల స్తూపం, బందరు కోట, పెడన కలంకారీ. ఎనిమిది గదుల పడవ ఒకటి నవంబరు హడావుడి దాటాక, డిసెంబరు చివర్నుంచి మార్చి దాకా తిరిగితే చాలు, దాని మీద సరంగు, కళాసీలు, వంటవాళ్ళు, గైడ్లు అందరూ మన ఊళ్ళవాళ్ళే ఉండొచ్చు.

నవంబరు ఎందుకు వద్దన్నానో దివిసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడ్డ ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కే పది వేలు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ఈ నీళ్ళ మీద వ్యాపారం చేసేవాడు క్యాలెండర్ చూడకుండా టికెట్ అమ్మకూడదు.

ప్రాణం లెక్క

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం చూడ్డానికి వెళ్ళిన పడవ కృష్ణలో బోల్తా పడింది. 20 మందికి పైగా చనిపోయారు. ఆ పడవకి అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో పడవ మునిగింది. నలభై మందికి పైగా పోయారు. నది వరద మీదుంది, అయినా పడవ వెళ్ళింది. రెండు చోట్లా సముద్రం కాదు, తుఫాను కాదు. సెలవు రోజు సరదా.

అంతర్జాతీయ సముద్ర యాత్రలకి సోలాస్ అనే ఒప్పందం ఉంది, టైటానిక్ మునిగాక 1914లో పుట్టింది. దాని కింద ఓడ కదిలేముందు, లేదా కదిలిన వెంటనే, ప్రయాణికులందరికీ డ్రిల్ పెట్టాలి. అయితే ఇది అంతర్జాతీయ యాత్రకి, పన్నెండు మందికి మించి ప్రయాణికులున్న ఓడలకి. ఒక దేశం లోపలే తిరిగే పినిసికీ, గులెట్‌కీ, మన నది పడవకీ ఆ దేశపు చట్టమే దిక్కు. మన దగ్గర 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ఉంది. రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, సరంగు అర్హత, ఇన్సూరెన్స్ అన్నీ అందులో ఉన్నాయి. కానీ కాగితం మీదున్న చట్టం లైఫ్ జాకెట్‌లా తేలదు. అడిగేవాడుండాలి.

కాబట్టి పడవ బందరులో అయినా, బాలిలో అయినా, ఈ ఐదూ చూడండి.

ఒకటి, సర్వే సర్టిఫికెట్ ఎక్కడ పెట్టారు, తేదీ దాటిపోయిందా? రెండు, అందులో రాసిన సంఖ్యకి మించి జనం ఎక్కారా? మీ కళ్ళతో లెక్కపెట్టండి. మూడు, లైఫ్ జాకెట్ చేతికిచ్చారా, తాళం వేసిన పెట్టెలో ఉందా? పిల్లల సైజు ఉందా? నాలుగు, రాత్రి పడుకునే పడవ అయితే మీ గదికి రెండో దారి ఉందా, రాత్రంతా మేలుకుని కాపలా ఉండేవాళ్ళున్నారా? ఐదు, వాతావరణం బాగోకపోతే డబ్బు వెనక్కిస్తారా? ఈ ఐదోది చిన్నగా కనిపిస్తుంది కానీ చాలా పెద్దది. రిఫండ్ ఇవ్వని పడవవాడికి వరదలో కూడా వెళ్ళాలనిపిస్తుంది. రిఫండ్ ఇచ్చేవాడికి ఆగడం తేలిక.

ఒక్కదానికి తేడా జవాబు వచ్చినా దిగిపోండి. ఫ్రెండ్స్ నవ్వినా పర్వాలేదు, డబ్బు పోయినా పర్వాలేదు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, పడవకి అన్‌డూ బటన్ లేదు.

ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ వైపు జనం బడికీ ఆసుపత్రికీ కూడా నీళ్ళు దాటే వెళ్తారు. వాళ్ళకి పడవ సరదా కాదు, దినచర్య. టూరిస్టుల కోసం మంచి జెట్టీ, తనిఖీ చేసిన పడవ, జాకెట్టు వస్తే, అవి ముందు వాళ్ళకి ఉపయోగపడాలి. మన దగ్గర చిన్న ఓడల టూరిజం బాగుపడిందా లేదా అనేది నేనైతే దాన్ని బట్టే చూస్తాను.

మీ ఊరి రేవులో పడవ పరిస్థితి ఎలా ఉందో, పంటు మీద జాకెట్లు ఇస్తున్నారో లేదో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మర్చంట్ నేవీ ఉద్యోగాల గురించి మాట్లాడదాం. ఏజెంట్లకి డబ్బు కట్టేముందు ఏం చూడాలో చెప్తా. అప్పటిదాకా ఉంటా మరి, జాగ్రత్త.